నల్లరేగడిలో యంత్రాలు – 7: అన్నీ చూశాకే పంపు

(గత భాగంలో: కపిల, ఏతం, గూడలతో నీళ్లు తోడుకున్న సీమలోకి తొలి ఆయిల్ ఇంజన్లు ఎలా వచ్చాయో, డెల్టా బియ్యం మిల్లుల్లో అవి ఎలా నిలదొక్కుకున్నాయో చూశాం. ఈ భాగంలో ఆ ఇంజను పక్కన బిగించిన చిన్న ఇనుప పెట్టె కథ. దాని పేరు డీజిల్ పంపు.)

ఒకే ఏడాది, ఒకే కంపెనీ, రెండు బండ్లు

1954 ఫిబ్రవరిలో న్యూయార్క్ కార్ల ప్రదర్శనలో డైమ్లర్-బెంజ్ కంపెనీ ఒక స్పోర్ట్స్ కారును జనం ముందు పెట్టింది. దాని తలుపులు పక్కకు కాకుండా పైకి తెరుచుకుంటాయి. రెక్కలెత్తిన పక్షిలా కనిపిస్తుందని గల్‌వింగ్ అన్నారు గానీ కంపెనీ పెట్టిన పేరు 300 ఎస్.ఎల్. మూడు లీటర్ల ఇంజను, 215 అశ్వశక్తి. ఈ ఇంజన్లో కార్బురేటర్ లేదు. పెట్రోలును ఒక పంపు నేరుగా సిలిండర్లలోకి కొడుతుంది. నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజనుకు ఇలాంటి ఏర్పాటు పెట్టి మామూలు అమ్మకానికి తెచ్చిన తొలి కారు అదే. 1957 దాకా సాగిన తయారీలో ఇలాంటి తలుపుల కార్లు 1,400 బయటికొచ్చాయి.

అదే 1954లో అదే డైమ్లర్-బెంజ్ టాటాల టెల్కోతో ఒప్పందం కుదుర్చుకుంది. జంషెడ్‌పూర్‌లో లారీలు తయారవడం మొదలైంది. ముందు భాగాన మూడు కోణాల నక్షత్రం పెట్టుకున్న ఆ లారీలు మద్రాసు–కలకత్తా రోడ్డు మీద ఒంగోలు, చిలకలూరిపేట, గుంటూరు దాటుతూ తిరిగాయి. మన వాళ్లు వాటిని బెంజి లారీలన్నారు. 1969లో ఒప్పందం ముగిసి నక్షత్రం పోయినా ఆ పేరు చాలాకాలం పోలేదు.

ఆ కారు కొన్నవాళ్లలో సినిమా తారలు, కోటీశ్వరులు ఉన్నారు. ఆ లారీ మోసినవి మిరప టిక్కీలు, పత్తి బేళ్లు. రెండిటి బానెట్ ఎత్తి చూస్తే మాత్రం ఒక పోలిక కనిపిస్తుంది. రెండిటికీ వరసగా ఆరు సిలిండర్లు. రెండిటి పక్కనా బాష్ పద్ధతిలో ఆరు ప్లంజర్లు వరసగా నిలబెట్టిన పంపు. ఆ పంపుకు ఎంత చమురు కొట్టాలో చెప్పేది కూడా రెండిటిలో ఒకటే: గాలి గొట్టంలోని వ్యాక్యూమ్‌కు కదిలే పల్చని పొర. అందుకే వీటికి వచ్చే రోగాలూ దగ్గర దగ్గరగా ఉంటాయి, వాటిని పట్టే వరుస కూడా అలాగే ఉంటుంది. గుంటూరు సీమ మెకానిక్కులు ఆ వరుసను తమ దుమ్ములో, తమ ఎండలో ఎలా నేర్చుకున్నారన్నదే ఈ భాగం చెప్పే చరిత్ర.

గాలితో కొట్టాలా, పంపుతో కొట్టాలా

ఇంజన్లోకి చమురును పంపుతో కొట్టాలన్న ఆలోచన పాతదే. ఇంగ్లండులో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టూవర్ట్ 1890లో తీసుకున్న పేటెంటు ఆధారంగా గ్రాంథమ్ ఊరి హార్న్స్‌బీ కంపెనీ 1892 నుంచి ఇంజన్లు అమ్మింది. చిన్న పంపు చమురును ఎర్రగా కాలిన గుండులోకి కొట్టేది. బ్లో ల్యాంపుతో ఆ గుండును ముందుగా కాల్చితే తప్ప ఇంజను లేచేది కాదు. గత భాగంలో చెప్పుకున్న హాట్‌బల్బ్ ఇంజన్లు ఈ కుటుంబానివే. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో మద్రాసు ప్రభుత్వం తరఫున ఆల్‌ఫ్రెడ్ ఛటర్టన్ బావుల మీద ఆయిల్ ఇంజన్లు పెట్టించి, రైతులకు తక్కావీ అప్పులిప్పించే ప్రయత్నం చేశాడు. 1904లో ఏర్పడిన గుంటూరు జిల్లా అప్పుడు ఆ మద్రాసు రాజధానిలోదే.

రుడాల్ఫ్ డీజిల్ దారి వేరు. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఆయన నడిపి చూపిన ఇంజన్లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే చమురు అంటుకుంటుంది. గుండును కాల్చే పని లేదు. చిక్కు మరోచోట ఉంది. అంతగా నొక్కిన గాలి మధ్యకు చమురును తోయాలంటే అంతకన్నా ఎక్కువ ఒత్తిడి కావాలి. అప్పట్లో అలాంటి పంపును నమ్మకంగా చేసే పనితనం లేక, విడిగా ఒక కంప్రెసర్ పెట్టి గాలితోనే చమురును ఊదేవారు. దాంతో ఇంజను బరువెక్కి మిల్లుకూ ఓడకూ పనికొచ్చింది, బండికి పనికిరాలేదు. మన మెట్ట రైతుకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకోటి: 1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు.

ఆ బరువు దించినవాడు రాబర్ట్ బాష్. స్టుట్‌గార్ట్‌లోని ఆయన సంస్థ అప్పటికి మాగ్నెటోలకు, స్పార్క్ ప్లగ్గులకు పేరుమోసింది. 1922 చివర్లో డీజిల్ పంపు చేయాలని నిశ్చయించుకుని 1927లో వరస తయారీ మొదలుపెట్టింది. కంప్రెసర్ పోయింది. డీజిల్ ఇంజను లారీకి ఎక్కింది, 1936లో మెర్సిడెస్ 260 డి పేరుతో కారుకూ ఎక్కింది. అదే పంపును పెట్రోలుకు మార్చి 1937 నుంచి జర్మన్ యుద్ధ విమానాల డి.బి. 601 ఇంజనుకు పెట్టారు. విమానం ఒక్కసారిగా ముక్కు దించితే కార్బురేటర్ తడబడుతుంది, పంపుకు ఆ బాధ లేదు. యుద్ధం అయ్యాక విమానాల పని ఆగిపోయింది. ఆ ఇంజన్ల మీద పనిచేసిన హాన్స్ షెరెన్‌బర్గ్ గుట్‌బ్రోడ్ అనే చిన్న కార్ల కంపెనీలో పెట్రోలు ఇంజెక్షన్ పెట్టించి, తర్వాత డైమ్లర్-బెంజ్‌కు తిరిగొచ్చాడు. 300 ఎస్.ఎల్.కు ఆ పంపు అలా చేరింది. లారీ నుంచి విమానానికి, విమానం నుంచి స్పోర్ట్స్ కారుకు: పంపు నడిచిన దారి ఇది.

ఏటవాలు గాడి

పంపు లోపల ప్రతి సిలిండరుకూ ఒక జత ఉంటుంది: బ్యారెల్, దానిలో ఆడే ప్లంజర్. మెకానిక్కులు ఈ జతను ఎలిమెంట్ అంటారు. రెండిటి మధ్య సందు 2, 3 మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఆ సందులో వాషర్ లేదు, రబ్బరు లేదు. నునుపు ఒక్కటే చమురును బయటికి పోకుండా ఆపుతుంది. ఒక జతలోని ప్లంజరును ఇంకో జతలో వేయకూడదని మెకానిక్కులు పట్టుబట్టేది ఇందుకే.

ప్లంజర్ ఒంటికి ఏటవాలుగా ఒక గాడి కోసి ఉంటుంది. కింద క్యామ్ తోస్తే ప్లంజర్ పైకి లేస్తుంది, బ్యారెల్ పక్కనున్న రంధ్రం మూసుకుంటుంది, ఆ క్షణాన చమురు నాజిల్ వైపు దూసుకుపోతుంది. ఇంకొంచెం పైకి వెళ్లాక ఏటవాలు గాడి రంధ్రానికి ఎదురుగా వస్తుంది, ఒత్తిడి జారిపోతుంది, కొట్టడం ఆగిపోతుంది. ర్యాక్ అనే పళ్ల కడ్డీ అన్ని ప్లంజర్లనూ ఒకేసారి కొద్దిగా తిప్పుతుంది. తిరిగినకొద్దీ గాడి రంధ్రాన్ని ముందో వెనకో కలుస్తుంది. అంటే డ్రైవరు కాలు అటుఇటు చేసేది ప్లంజర్ ఎంత ఎత్తు లేవాలన్నది కాదు, కొట్టిన చమురు ఎప్పుడు తెగాలన్నది.

బెంజి లారీ ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరులోకి నిమిషానికి 1,000 సార్లు చమురు పడాలి. బరువు లాగేటప్పుడు కూడా ఒక్కో దెబ్బకు పడేది ఇంచుమించు ఒక చుక్క. అది పడే వ్యవధి సెకనులో 500వ వంతు. ఆరు సిలిండర్లకూ సమానంగా పడాలని నాజిళ్లకు వెళ్లే ఇనుప పైపులను ఒకే పొడవున పెడతారు. దగ్గరి సిలిండరుకు పైపు వంకర్లు తిరిగి వెళ్లడానికి కారణం అదే.

స్టుట్‌గార్ట్ నుంచి అడుగోడి మీదుగా

1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. అందరికీ తెలిసిన పేరు మైకో. బెంగళూరు అడుగోడిలోని దాని ఫ్యాక్టరీ నుంచి బాష్ నమూనా స్పార్క్ ప్లగ్గులు, తర్వాత డీజిల్ పంపులు, నాజిళ్లు దేశమంతా వెళ్లాయి. కంపెనీ పేరు 2008లో బాష్ లిమిటెడ్‌గా మారింది. పాత మేస్త్రీలకు ఇప్పటికీ అది మైకో పంపే.

ఈ సీమకు పంపు మూడు దారుల్లో వచ్చింది. మొదటిది బావి గట్టు మీది ఇంజను. 1946లో పుణే దగ్గర ఖడ్కీలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలైంది. గుజరాత్‌లోని రాజ్‌కోట్ ఫౌండ్రీలు ఇంగ్లీషు లిస్టర్ నమూనాలో నిమిషానికి 600, 650 చుట్లు తిరిగే బరువైన ఇంజన్లను పోతపోశాయి. బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో దొరువుల పక్కన, పల్నాటి వాగుల ఒడ్డున, మిరప నారుమళ్ల దగ్గర ఇలాంటి ఇంజన్లే నీళ్లు తోడాయి. వీటికి ఒకే సిలిండరు, ఒకే ప్లంజరు. డీకంప్రెషన్ లీవరు ఎత్తి, హ్యాండిల్ తిప్పి, చక్రం ఊపందుకున్నాక లీవరు వదలాలి.

రెండో దారి లారీ. మద్రాసు ఎన్నూరు నుంచి 1955 తర్వాత అశోక్ లేలాండ్ లారీలు, జంషెడ్‌పూర్ నుంచి బెంజి లారీలు వచ్చాయి. మిరప రావడం మొదలయ్యాక ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరు యార్డు చుట్టూ లారీలు ఆగే చోటే ఉండదు. బాడుగ మాట్లాడుకుని సరుకు ఎత్తిన లారీ రోడ్డు పక్కన ఆగిపోతే ఓనరుకు నష్టం, వ్యాపారికి నష్టం.

మూడోది ట్రాక్టరు. మద్రాసులో టాఫే 1960ల మొదట్లో మాసీ ఫెర్గూసన్ తయారీ మొదలెట్టింది. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద పల్నాటి మెట్ట తడిసింది, అద్దంకి, దర్శి, ఒంగోలు బ్రాంచి కాలువలతో నీళ్లు ఒంగోలు వైపు సాగాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. వర్షాధారంగా పత్తి వేసిన నేలలో నీటి పంటలు వచ్చాయి, దుక్కికి ట్రాక్టర్లు వచ్చాయి. కాలువ చివరి భూములకు నీళ్లు అందని ఏడాది రైతు కాలువలోనే ఆయిల్ ఇంజను పెట్టి తోడుకున్నాడు. నీళ్లు వచ్చినా డీజిల్ పంపుకు పనే, రాకపోయినా పనే.

ఈ మూడు దారులూ కలిసే చోట్ల పంపు షాపులు పుట్టాయి. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు రోడ్ల పక్కన “డీజిల్ పంపు, నాజిల్ సర్వీస్” బోర్డులు అప్పటి నుంచి కనిపిస్తున్నాయి. వీటిలో మామూలు మెకానిక్ షెడ్లలో లేని వస్తువు ఒకటుంది. అది టెస్ట్ బెంచి. పంపును దానికి బిగించి మోటారుతో తిప్పితే ఒక్కో ఎలిమెంట్ కొట్టిన చమురు ఎదురుగా వరసగా ఉన్న గీతల గాజు గొట్టాల్లో పడుతుంది. ఆరు గొట్టాల్లో మట్టం సమానంగా నిలిచేదాకా సర్దుతారు. దీన్నే కాలిబ్రేషన్ అంటారు.

ఈ నేలకే వచ్చే తంటాలు

స్టుట్‌గార్ట్‌లో గీసిన పంపుకు నల్లరేగడి దుమ్ము తెలియదు. వేసవిలో బండ్లబాట మీద పిండిలా లేచే ఆ దుమ్ముకు తోడు జిన్నింగు మిల్లుల దగ్గర పత్తి నూగు గాల్లో తేలుతుంటుంది. నూగు రేడియేటరును కప్పేస్తే ఇంజను కాగుతుంది. దుమ్ము గాలి ఫిల్టరును మూసేస్తే గాలి చాలక నల్ల పొగ వస్తుంది. చూసేవాడికి అది పంపు ఎక్కువ కొట్టినట్టే ఉంటుంది. నిజానికి పంపు సరిగ్గానే కొడుతోంది, ఇంజనుకు ఊపిరే ఆడటం లేదు.

రెండోది పీపా డీజిల్. బంకు దూరమైన ఊళ్లలో రైతులు డీజిల్‌ను పీపాల్లో, క్యాన్లలో నిలవ పెట్టుకున్నారు. పగటి ఎండకు, రాత్రి చల్లదనానికి పీపా లోపల తేమ నీటి బొట్లుగా దిగి అడుగుకు చేరుతుంది. దానితో పాటు తుప్పు. నీళ్లు ప్లంజర్ సందులోకి చేరితే నునుపైన ఉక్కు మచ్చలు పడుతుంది. మూడోది కల్తీ. రేషన్ నీలి కిరోసిన్ చవక కావడంతో డీజిల్‌లో కలిపినవాళ్లు ఉన్నారు. ఇంజను నడుస్తుంది కూడా. కానీ ప్లంజరుకు చమురు ఇంధనమే కాదు, జిడ్డు కూడా అదే. కిరోసిన్‌లో ఆ జిడ్డు తక్కువ. మిగిలిన డబ్బులు ఎలిమెంట్ అరుగుదల రూపంలో పోయాయి.

నాలుగోది ఎండ. ఏటా వేసవిలో రాష్ట్రంలోనే ఎక్కువ వేడి నమోదయ్యే చోట్లలో పల్నాటి రెంటచింతల పేరు వినిపిస్తుంది. డీజిల్ ఆ వేడికి మరగదు గానీ పల్చబడుతుంది. సి.ఎ.వి. డి.పి.ఎ. రకం రోటరీ పంపులున్న ట్రాక్టర్లలో, సిలిండర్లకు చమురు పంచే హెడ్ అరిగిందనుకోండి. ఉదయం చక్కగా స్టార్ట్ అవుతుంది. మధ్యాహ్నం దున్నుతూ దున్నుతూ ఆపి, తినొచ్చి మళ్లీ స్టార్ట్ చేయబోతే లేవదు. వేడికి పల్చబడిన డీజిల్ అరిగిన సందులోంచి జారిపోతుంటుంది. అనుభవమున్నవాళ్లు పంపు మీద తడిగుడ్డ వేస్తారు. పంపు చల్లబడి డీజిల్ చిక్కబడుతుంది, ఇంజను లేస్తుంది. ఇది బాగు చేయడం కాదు, పరీక్ష. తడిగుడ్డతో లేచిందంటే హెడ్ అరిగిందని తేలినట్టే.

ఎండ సంగతిలో పెట్రోలు ఇంజెక్షన్ కార్ల కథ మరీ కష్టం. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1967లో టి.ఆర్.5 స్పోర్ట్స్ కారుకు లూకాస్ మెకానికల్ ఇంజెక్షన్ పెట్టింది. పెట్రోలును తోసే విద్యుత్ పంపు దాని బలహీనత. ఎండ రోజున పంపు కాగి, లోపలి పెట్రోలు ఆవిరయ్యేది, ఇంజను తడబడేది. ఇంగ్లండు ఎండకే అలా అయింది. మన రోడ్ల మీద బరువు లాగే పనికి డీజిల్ ఇంజెక్షనే నిలబడిందంటే ధర ఒక కారణం, సులభంగా ఆవిరి కాని ఆ చమురు గుణం ఇంకో కారణం.

రోగం పట్టే వరుస

పంపు షాపుకు లారీ వచ్చి ఆగగానే మేస్త్రి పానా పట్టుకోడు. ముందు అడుగుతాడు. “పొద్దున స్టార్టింగు ఎట్టా ఉంది? పొగ ఏ రంగు? ఎక్కుడులోనే లాగట్లేదా, ఖాళీ బండి కూడానా? డీజిల్ యాడ కొట్టించావు?” ఈ నాలుగు ప్రశ్నల్లోనే సగం తేలుతుంది. నల్ల పొగైతే చమురు ఎక్కువ, లేదా గాలి తక్కువ. తెల్ల పొగైతే చమురు కాలకుండా పోతోంది: టైమింగు వెనకబడిందో, కంప్రెషన్ తగ్గిందో, నాజిల్ కారుతోందో. నీలి పొగైతే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, దానికి పంపుతో సంబంధం లేదు.

తర్వాత ట్యాంకు. మూత మీది గాలి రంధ్రం మట్టితో పూడుకుపోతే ట్యాంకులో వ్యాక్యూమ్ ఏర్పడి డీజిల్ రాదు. బండి కొంతదూరం పోయి ఆగుతుంది, కాసేపటికి తనే లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. మూత వదులు చేసి నడిపితే నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తర్వాత ట్యాంకుకూ, దాని నుంచి డీజిల్ లాగి అందించే ఫీడ్ పంపుకూ మధ్య పైపు. ఇక్కడి పగులు మోసగిస్తుంది. లోపల పీల్చే ఒత్తిడి ఉంటుంది కాబట్టి డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. బయట తడి ఉండదు, ఇంజనులో మాత్రం మిస్సింగు. “ఎయిర్ పట్టింది” అనేది ఈ రోగాన్నే. ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి, ఫీడ్ పంపు చేతి పిడిని కొడుతూ, నురగ పోయి నిండు డీజిల్ ధార వచ్చేదాకా గాలి తీస్తారు. గాలి మళ్లీ మళ్లీ పడుతోందంటే పైపులు, వాషర్లు ఒక్కొక్కటే చూడాలి.

ఇంతవరకు అయ్యాక ఏ సిలిండరు పని చేయడం లేదో పట్టాలి. ఇంజను నడుస్తుండగా నాజిల్ పైపు నట్టు ఒక్కొక్కటే వదులు చేస్తారు. మంచి సిలిండరు నట్టు వదిలితే ఇంజను చప్పుడు మారి కుంగుతుంది. చెడ్డదాని నట్టు వదిలినా మార్పుండదు. ఆ సిలిండరు నాజిల్‌ను ఊడదీసి చేతి టెస్టరుకు బిగిస్తారు. పిడి నొక్కితే గేజి ముల్లు లేచి, నిర్ణయించిన ఒత్తిడి దగ్గర నాజిల్ తెరుచుకుని సన్నని తుంపర రావాలి. ఇంజను రకాన్ని బట్టి ఆ ఒత్తిడి వాతావరణ పీడనానికి 100 నుంచి 250 రెట్ల దాకా ఉంటుంది. ధారలా వస్తే, చివర బొట్టు కడితే ఆ నాజిల్ పనికిరాదు. తుంపర కింద చెయ్యి పెట్టకూడదన్నది షాపులో చేరిన కుర్రాడికి నేర్పే తొలి పాఠం. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు.

నాజిల్ తర్వాత టైమింగు, వాల్వుల సందు, కంప్రెషన్. పంపు కొట్టింది సరిగ్గానే ఉన్నా, నొక్కిన గాలి వేడెక్కకపోతే చమురు అంటుకోదు. అన్నీ బాగున్నాయని తేలాకే పంపును ఇంజను నుంచి దించి బెంచి ఎక్కిస్తారు.

ఐరోపాలో ఖరీదైన కార్ల మెకానిక్కులు చేసేదీ ఇదే. పోర్షె కంపెనీ 1969 నుంచి 911 రకాల్లో బాష్ మెకానికల్ పంపు పెట్టింది. రెండు వరసల్లో ఆరు ప్లంజర్లు, వేగాన్నీ యాక్సిలరేటరునూ రెండిటినీ లెక్కలోకి తీసుకునే మెలితిరిగిన క్యామ్. దాని సర్దుబాటు కోసం కంపెనీ మెకానిక్కులకు ఇచ్చిన పుస్తకం పేరుకు అర్థం “చూడు, కొలువు, సర్దు”. కంప్రెషన్, వాల్వులు, ఇగ్నిషన్ సరిచూసుకున్నాకే ఇంజెక్షన్ దగ్గరికి రమ్మంటుంది. మెకానికల్ ఇంజెక్షన్ ఉన్న పాత స్పోర్ట్స్ కారు సరిగ్గా నడవకపోతే యజమాని మొదట పంపునే అనుమానిస్తాడు. తీరా విప్పితే మూసుకున్న ఫిల్టరో, తుప్పుపట్టిన ట్యాంకో బయటపడుతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టన్నమాట. ఈలోగా విప్పకూడని పంపు విప్పేసి ఉంటారు.

ఒక పొర, రెండు బండ్లు

మొదట చెప్పిన పొర దగ్గరికి వద్దాం. పాత బెంజి లారీ పంపు వెనక, ఇంజను వేగాన్ని అదుపు చేసే గవర్నరులో ఒక తోలు డయాఫ్రం ఉంటుంది. ఒక పక్క స్ప్రింగు ర్యాక్‌ను ఎక్కువ చమురు వైపు తోస్తుంది. ఇంకో పక్క గాలి గొట్టం నుంచి వచ్చే వ్యాక్యూమ్ దాన్ని తక్కువ వైపు లాగుతుంది. తోలు ఎండి పగిలితే, లేదా ఆ సన్న గొట్టం ఊడితే లాగేవాడు లేడు. స్ప్రింగు ర్యాక్‌ను చివరిదాకా తోసేస్తుంది, డ్రైవరు కాలు తీసినా ఇంజను రైజింగు ఆగదు.

దీనికి పంపు విప్పనక్కరలేదు. ఇంజను ఆపి, గొట్టం ఊడదీసి, స్టాపు లీవరు లాగి పట్టుకుని, గొట్టం తగిలే రంధ్రాన్ని బొటనవేలితో మూసి, లీవరు వదలాలి. పొర బాగుంటే ర్యాక్ కొద్దిగా కదిలి అక్కడే నిలుస్తుంది. చిల్లి ఉంటే జారుకుంటూ మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. ఏ పనిముట్టూ అక్కరలేని పరీక్ష ఇది.

300 ఎస్.ఎల్. పంపులో కూడా గాలి గొట్టం ఇరుకు నుంచి వచ్చే వ్యాక్యూమ్ డయాఫ్రం మీద పనిచేసి పెట్రోలు కొలత నిర్ణయిస్తుంది. అక్కడ పొర పగిలితే పెట్రోలు కొలత తప్పి, అవసరానికి మించి పడి పొగలు కక్కుతుంది. ఆ కారుకు ఇంకో పేరున్న జబ్బు ఉంది. ఇగ్నిషన్ తీసేశాక కూడా ఇంజను పూర్తిగా ఆగేదాకా పంపు కొడుతూనే ఉంటుంది. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగి కిందికి దించుతుంది. ఆయిల్ పల్చబడుతుంది కాబట్టి చాలా తరచుగా మార్చాలి. కారిపోయే నాజిల్ ఉన్న లారీకీ ఇదే అవస్థ. డిప్‌స్టిక్ లాగి చూస్తే ఆయిల్ తగ్గకపోగా పెరిగి ఉంటుంది, వాసన చూస్తే డీజిల్. ఆయిల్ పెరిగిందని సంతోషించే డ్రైవరును మేస్త్రి అక్కడే ఆపేస్తాడు.

దుమ్ము నేర్పిన నియమం

“అన్నీ చూశాకే పంపు” అన్న నియమం రెండు చోట్లా ఒకటే గానీ, దాన్ని పుట్టించిన కారణాలు వేరు. ఐరోపాలో పంపు విప్పొద్దన్నది ధర. 300 ఎస్.ఎల్. పంపును మళ్లీ కొత్తగా చేయించడం అంటే పెద్ద ఖర్చు. ఇక్కడ విప్పొద్దన్నది నేల. పొలం గట్టున వేపచెట్టు కింద ఎలిమెంట్ బయటికి తీస్తే, 2 మైక్రాన్ల సందులోకి నల్లరేగడి దుమ్ము చేరడానికి ఒక్క గాలి విసురు చాలు. బాగున్న పంపు కూడా ఆ పూటతో పోతుంది. కాబట్టి పొలంలో చేయగలిగిందంతా పంపు బయటే చేయాలి: ట్యాంకు, పైపు, ఫిల్టరు, గాలి, నాజిల్. తక్కువ ఒత్తిడి వైపు నుంచి ఎక్కువ ఒత్తిడి వైపుకు, చవక సామాను నుంచి ఖరీదు సామానుకు నడవాలి. దీన్ని ఏ పాఠశాలా ఇక్కడివాళ్లకు క్రమంగా చెప్పలేదు. షాపులో గురువు పక్కన నిలబడి, నాజిళ్లు కడుగుతూ, గాజు గొట్టాల మట్టాలు చదువుతూ నేర్చుకున్నారు. ఆలస్యమైతే ఎండేది మిరప మొక్క, చెడేది ఎక్కించిన సరుకు. తప్పు చోట వెతకడానికి సమయం లేని మనుషులు కనిపెట్టుకున్న పొదుపు ఇది.

ఆ నైపుణ్యానికి ఇప్పుడు పని తగ్గుతోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.–6 నిబంధనలు వచ్చాక కొత్త లారీల్లో కామన్ రెయిల్ పద్ధతి స్థిరపడింది. కొలత నిర్ణయించేది కంప్యూటరు, తప్పు చెప్పేది స్కానరు. 50 హెచ్.పి. లోపు ట్రాక్టర్లలో మాత్రం మెకానికల్ పంపు చాలావాటికి ఇంకా ఉంది. స్కానరు చూపించే కోడ్ కూడా “ఒత్తిడి తక్కువ” అని చెప్పి ఊరుకుంటుంది. అది మూసుకున్న ఫిల్టరు వల్లా, గాలి పీల్చే పైపు వల్లా, ట్యాంకు అడుగు నీళ్ల వల్లా అన్నది ఎవరో ఒకరు వరుసగా చూసి తేల్చాలి. పాత షాపుల్లో పనిచేసినవాళ్లకు కొత్త బండ్ల మీద కూడా పని దొరుకుతోందంటే కారణం అదే. పంపు మారింది, వెతికే వరుస మారలేదు.

(వచ్చే భాగంలో: ఆయిల్ ఇంజనును బావి గట్టు నుంచి దించిన కరెంటు మోటారు. 1937లో కోయంబత్తూరులో జి.డి. నాయుడు తయారు చేయించిన మోటారు నుంచి, 2004లో ఉచిత విద్యుత్ ఫైలు మీద పడిన సంతకం దాకా.)